శూన్యం మీద అయస్కాంతం: ఒక లెక్క డైరీ

1వ రోజు

ఎన్నాళ్లుగానో వాయిదా వేస్తూ వచ్చిన లెక్క ఇవాళ మొదలుపెట్టాను. ప్రశ్న ఒక్క వాక్యంలో పడుతుంది: ఆవేశం ఉన్న కణాల శూన్యశక్తి, అక్కడ అయస్కాంత క్షేత్రం పెడితే, పెరుగుతుందా, తగ్గుతుందా?

శూన్యమంటే ఏమీ లేకపోవడం కాదన్నది క్వాంటం సిద్ధాంతం నేర్పే మొదటి పాఠం. వీణ తీగకు రకరకాల కంపనాలు ఉన్నట్టే ప్రతి కణానికీ చెందిన తరంగానికి లెక్కలేనన్ని కంపనాలు ఉంటాయి. వాటినే మోడ్‌లు అంటారు. ఒక్క కణమూ లేకపోయినా ఒక్కో మోడ్ దగ్గర అర క్వాంటం శక్తి మిగిలే ఉంటుంది. అన్నిటినీ కూడితే అనంతం వస్తుంది. అనంతాన్ని కొలిచేవాళ్లు లేరు. కానీ రెండు పలకలు ఎదురెదురుగా నిలబెడితే మధ్యలో ఇమిడే మోడ్‌ల జాబితా మారిపోతుంది. ఆ మార్పు మాత్రం పరిమితమైన సంఖ్య. 1948లో హెండ్రిక్ కాసిమిర్ చూపించింది ఇదే. పలకల మధ్య శక్తి బయటి శూన్యం కంటే తక్కువ కాబట్టి పలకలు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఆదర్శమైన లోహపు పలకలు ఒక మైక్రాన్ దూరంలో ఉంటే ఆ ఒత్తిడి దాదాపు 1.3 మిల్లీపాస్కల్. దూరం పదో వంతుకు తగ్గితే ఒత్తిడి పదివేల రెట్లు పెరిగి 13 పాస్కల్ అవుతుంది. 10 నానోమీటర్ల దగ్గర వాతావరణ పీడనాన్నే మించుతుంది. 1997లో స్టీవ్ లామరో చేసిన ప్రయోగంతో ఇది నమ్మకంగా కొలవగలిగిన విషయం అయింది.

అయితే అది కాంతి తాలూకు శూన్యశక్తి. ఫోటాన్‌కు ఆవేశం లేదు కాబట్టి బయటి అయస్కాంతం దాన్ని నేరుగా తాకదు. ఎలక్ట్రాన్ లాంటి కణానికి కూడా శూన్యంలో తన మోడ్‌లు తనకున్నాయి, వాటికి ఆవేశం ఉంది. అయస్కాంతం వాటిని వదిలిపెట్టదు. నాకు కావలసిన లెక్క అదే.

మొదలుపెట్టే ముందే నా అంచనా రాసి పెట్టుకుంటున్నాను: పెరుగుతుంది. క్షేత్రం అంటే అదనపు శక్తి, అదనపు శక్తి ఉంటే ప్రభావమూ ఎక్కువ ఉండాలి కదా అన్నదే నా తర్కం.

3వ రోజు

ఏర్పాటు వీలైనంత సులువుగా పెట్టుకున్నాను. రెండు పెద్ద పలకలు. అయస్కాంత క్షేత్రం పలకలకు లంబంగా, ఒక పలక నుంచి రెండోదానికి సూటిగా వెళుతుంది. కణానికి ఆవేశం ఉంది, స్పిన్ (కణాన్ని చిన్న అయస్కాంతంలా మార్చే సహజ గుణం) లేదు. ప్రస్తుతానికి ద్రవ్యరాశి కూడా సున్నా. పలకల మీద తరంగం సున్నా కావాలి. దీన్ని డిరిక్లే షరతు అంటారు, తీగను రెండు చివర్లా గట్టిగా కట్టేయడం లాంటిది.

క్షేత్రం లేకపోతే కణం మూడు దిక్కులా స్వేచ్ఛగా కదులుతుంది. క్షేత్రం పెట్టగానే అడ్డంగా కదలిక వలయాల్లో చిక్కుకుంటుంది. 1930లో లెవ్ లాండౌ చూపించినట్టు, ఆ తిరుగుడు శక్తి ఏ విలువ పడితే అది తీసుకోదు, మెట్లు మెట్లుగా ఉంటుంది. నిలువు కదలికకు మాత్రం క్షేత్రం అడ్డు రాదు, అక్కడ పలకలదే పెత్తనం. ఒక్కో లాండౌ మెట్టు మీద ఎన్ని స్థితులు ఇముడుతాయన్నది క్షేత్రబలాన్ని బట్టి ఉంటుంది. 1 టెస్లా (క్షేత్రబలాన్ని కొలిచే ప్రమాణం) దగ్గర చదరపు మైక్రానుకు దాదాపు 242. క్షేత్రం రెండింతలు చేస్తే ఇదీ రెండింతలు.

ఇక్కడ ఒక పొడవు తనంతట తానే పుడుతుంది. అతి చిన్న వలయం ఎంత ఉంటుందో చెప్పే పొడవు అది, పేరు అయస్కాంత పొడవు. 1 టెస్లాకు 25.7 నానోమీటర్లు, 100 టెస్లాలకు 2.57. పలకల దూరాన్ని ఈ పొడవుతో భాగించి వర్గం చేస్తే వచ్చే సంఖ్య ఒక్కటి చాలు, మొత్తం కథ దాని మీదే నడుస్తుంది. దానికి నేను బలసంఖ్య అని పేరు పెట్టుకున్నాను. బలసంఖ్య 1 అంటే పలకల దూరం అయస్కాంత పొడవుకు సరిసమానం. 4 అంటే రెండింతలు.

ఇవాళ ఎక్కువ సంతోషపెట్టింది ఇంకో విషయం. ఏదో ఒక లాండౌ మెట్టు మీద నిలబడి చూస్తే, మిగిలింది ఒకే దిక్కులో కదిలే కణం. మెట్టు శక్తి దానికి ద్రవ్యరాశిలా పనిచేస్తుంది. అంటే మూడు దిక్కుల కష్టమైన లెక్క కాస్తా, వేర్వేరు ద్రవ్యరాశులున్న ఒంటి దిక్కు లెక్కల మొత్తంగా విడిపోయింది. ఒంటి దిక్కు లెక్కకు జవాబు తెలిసిందే: బెసెల్ ఫంక్షన్ల వరుస ఒకటి. అది చాలా త్వరగా చిన్నబోతుంది, నాలుగైదు పదాలు కూడితే సరిపోతుంది. ఎక్కడా అనంతం కనిపించదు, ఎందుకంటే పలకలు లేని శూన్యం వాటా ముందే తీసేసి ఉంటుంది.

పైథాన్‌లో రాసి, ద్రవ్యరాశిని సున్నా వైపు తీసుకెళ్లి చూశాను. పలకల దూరాన్ని 1 అనుకుని సహజ ప్రమాణాల్లో లెక్కిస్తే, ఆవేశం లేని ఒక్క రకం తరంగానికి −పై/24, అంటే −0.1309 రావాలి. వచ్చింది.

5వ రోజు

మెట్లన్నీ కలిపి మొదటి గ్రాఫ్ గీశాను. క్షేత్రం సున్నా దగ్గర −పై వర్గం/720 రావాలి, అంటే పరిమాణం 0.013708. ఫోటాన్‌కు రెండు ధ్రువణాలు (కంపించే దిక్కులు) ఉన్నట్టే ఇక్కడ కణం, వ్యతిరేక ఆవేశం ఉన్న దాని ప్రతికణం అని రెండు ఉన్నాయి. అందుకే కాసిమిర్ రాసిన సంఖ్యే మళ్లీ వస్తుంది. సరిగ్గా అదే వచ్చింది.

అక్కడి నుంచి గీత పైకి లేచింది. బలసంఖ్య 10 దగ్గరకు వచ్చేసరికి శక్తి పరిమాణం 30 రెట్లు. నా అంచనా నిజమైందన్న ఉత్సాహంతో వివరణ కూడా ఒక పేజీ రాసేశాను.

6వ రోజు

ఆ పేజీ కొట్టేశాను.

రాత్రి గ్రాఫ్ మళ్లీ చూస్తుంటే సున్నా దగ్గర ఏదో తేడాగా అనిపించింది. గీత మొదలవడమే ఏటవాలుగా మొదలైంది. ఇది కుదరదు. క్షేత్రాన్ని తలకిందులు చేస్తే ఏమవుతుంది? కణాలు ఒక వైపు తిరిగేవి రెండో వైపు తిరుగుతాయి, అంతే. శూన్యశక్తి మారడానికి కారణం లేదు. కాబట్టి క్షేత్రం ప్లస్ అయినా మైనస్ అయినా శక్తి ఒకటే ఉండాలి. అలా ఉండాలంటే గీత సున్నా దగ్గర చదునుగా మొదలవ్వాలి. నా గీతను అద్దంలో చూసి రెండు వైపులా అతికిస్తే మధ్యలో కోణం ఏర్పడుతోంది.

తప్పు ఒక్క అంకెలో ఉంది. స్పిన్ లేని కణానికి లాండౌ మెట్ల శక్తులు 1, 3, 5, 7 అనే వరుసలో ఉండాలి. నా లూప్ వాటిని 0, 2, 4, 6 అని లెక్కించింది. అంటే అట్టడుగు మెట్టుకు ఉండాల్సిన శక్తిని నేను మింగేశాను. సున్నా క్షేత్రం దగ్గర పరీక్ష ఎందుకు నెగ్గిందో కూడా ఇప్పుడు తెలిసింది. క్షేత్రం బలహీనంగా ఉంటే మెట్లు ఎంత దగ్గరగా ఉంటాయంటే, మొత్తాన్ని ఒక అడుగు కిందికి జరిపినా పెద్ద తేడా కనిపించదు. తెలిసిన జవాబు వచ్చిందంటే కోడ్ సరిగ్గా ఉన్నట్టే అనుకోవడం ఎంత ప్రమాదమో ఇవాళ చూశాను. సౌష్ఠవం చేసే పరీక్షను ఇకమీదట మొదటే పెట్టుకుంటాను.

తప్పు ఫైల్‌ను తీసెయ్యలేదు. పేరు మార్చి పక్కన పెట్టాను.

7వ రోజు

సరిదిద్దాక వచ్చిన సంఖ్యలు ఇవి. క్షేత్రం లేనప్పటి శక్తిని 1 అనుకుంటే, బలసంఖ్య 1 దగ్గర 0.82. 4 దగ్గర 0.40. 10 దగ్గర 0.11. 25 దగ్గర 0.0086, అంటే నూటికి ఒకటి కూడా మిగల్లేదు.

నా అంచనా పూర్తిగా తలకిందులైంది. స్పిన్ లేని కణాలకు అయస్కాంత క్షేత్రం కాసిమిర్ శక్తిని అణిచేస్తుంది.

ఎందుకో ఆలోచిస్తే చాలా సహజంగా ఉంది. ఇక్కడ రెండు విషయాలు పోటీ పడుతున్నాయి. క్షేత్రం పెరిగితే ఒక్కో మెట్టు మీద స్థితులు పెరుగుతాయి, అది శక్తిని పెంచాలి. కానీ అట్టడుగు మెట్టు కూడా పైకి లేస్తుంది. కణం ఎంత నెమ్మదించినా ఆ తిరుగుడు శక్తి కంటే తక్కువకు దిగలేదు, అంటే దానికి క్షేత్రమే ద్రవ్యరాశిని తగిలించింది. ద్రవ్యరాశి ఉన్న తరంగం రెండో పలక దాకా తన కబురు మోయలేదు, దారిలోనే సన్నబడిపోతుంది. స్థితుల సంఖ్య క్షేత్రంతో నిదానంగా, అదే నిష్పత్తిలో పెరుగుతుంటే, ఈ సన్నబడటం ఘాతాంక వేగంతో సాగుతుంది. అలాంటి పోటీలో గెలుపెవరిదో చెప్పనక్కర్లేదు.

1990ల చివర్లో రియో డి జనీరోలో కొందరు భౌతిక శాస్త్రవేత్తలు ఈ లెక్క కాగితం మీద పూర్తిగా చేశారు. వాళ్ల ఫలితం కూడా ఇదే దిశలో ఉంది. నేను కొత్తది కనిపెట్టడం లేదు. నా చేతులతో ఆ సంఖ్యల దాకా నడిచి వెళ్లాలన్నదే నా కోరిక.

11వ రోజు

ఒకే దారిలో వచ్చిన సంఖ్యను నమ్మలేకపోతున్నాను, 6వ రోజు తర్వాత మరీ. రెండో దారి రాశాను. 1951లో జూలియన్ ష్వింగర్ వాడిన ప్రాపర్ టైమ్ పద్ధతి ఇది. మెట్లను ఒక్కొక్కటిగా కూడే బదులు, ఒక కృత్రిమ కాలాన్ని తెచ్చి, ప్రతి మెట్టునూ ఆ కాలంలో తరిగిపోయే ఘాతాంకంగా రాస్తారు. అప్పుడు లాండౌ మెట్లన్నీ కలిసి మామూలు గుణశ్రేఢి అవుతాయి, దాని మొత్తం ఒక్క హైపర్బోలిక్ సైన్‌లో ఇమిడిపోతుంది. మిగిలేది ఒక్క ఇంటిగ్రల్.

వినడానికి తేలికే. కంప్యూటర్‌కు మాత్రం రెండు చివర్లా ఇబ్బంది. కృత్రిమ కాలం సున్నా వైపు వెళ్తే సున్నాను సున్నాతో భాగించాల్సి వస్తుంది. పెద్దదైతే హైపర్బోలిక్ సైన్ పరిధి దాటేస్తుంది, లోపలి విలువ 710 దాటితే, కంప్యూటర్ మామూలుగా సంఖ్యలను దాచే డబుల్ ప్రెసిషన్‌లో దానికి చోటు లేదు. కాలానికి బదులు దాని విలోమాన్ని చలరాశిగా తీసుకున్నాను. హైపర్బోలిక్ సైన్‌ను, తగ్గే ఘాతాంకాలు మాత్రమే మిగిలేలా తిరగరాశాను. రెండు గొడవలూ సద్దుమణిగాయి.

రెండు దారులూ పది అంకెల వరకు కలిశాయి. నాలుగు రోజులుగా ఉన్న టెన్షన్ తీరింది.

ఏ దారి ఎక్కడ మంచిదో కూడా తేలింది. క్షేత్రం బలంగా ఉంటే మెట్ల దారి అద్భుతం, రెండు మూడు మెట్లు చాలు. బలసంఖ్య 0.01 అయితే అదే పది అంకెలకు దాదాపు 6,600 మెట్లు కూడాలి. అక్కడ ఇంటిగ్రల్ దారే నయం.

14వ రోజు

పని సాగలేదు. గ్రాఫ్ అక్షాల పేర్లు సరిచేశాను, కోడ్‌లో వ్యాఖ్యలు రాశాను.

17వ రోజు

ఇవాళ ద్రవ్యరాశిని లోపలికి తెచ్చాను. అసలైన కణాలకు అది లేకుండా పోదు కదా. ఆవేశం ఉన్నవాటిలో అన్నిటికంటే తేలిక ఎలక్ట్రాన్. స్పిన్ సంగతి తర్వాత చూడొచ్చు, ముందు దాని బరువు మాత్రం తీసుకుని చూద్దామనుకున్నాను.

పలకల దూరం 25.7 నానోమీటర్లు, క్షేత్రం 1 టెస్లా, బలసంఖ్య సరిగ్గా 1. ప్రోగ్రామ్ సున్నా ఇచ్చింది. చాలా చిన్న సంఖ్య కాదు, పూర్తి సున్నా. మొదట బగ్ అనుకున్నాను. కాగితం మీద వేసి చూస్తే అర్థమైంది. ఎలక్ట్రాన్‌కు తన సొంత కొలత ఒకటి ఉంది, కాంప్టన్ పొడవు, 0.386 పికోమీటర్లు. హైడ్రోజన్ పరమాణువు వ్యాసార్ధంలో 137వ వంతు. పలకల దూరం దానికి 66 వేల రెట్లకు పైన. శక్తి ఆ నిష్పత్తికి రెండింతల ఘాతాంకంతో పడిపోతుంది, అంటే దశాంశ బిందువు తర్వాత యాభై వేలకు పైగా సున్నాలు వచ్చాక మొదటి అంకె కనిపిస్తుంది. డబుల్ ప్రెసిషన్ మూడు వందల చిల్లర సున్నాల దగ్గరే చేతులెత్తేస్తుంది. ఎక్కువ అంకెలు మోయగల ఎమ్‌పీమ్యాథ్ లైబ్రరీకి మారితే ఆ సంఖ్య కనిపించింది. కనిపించినా దానికి భౌతికంగా అర్థం లేదు.

ప్రయోగశాలలో లోహపు పలకల మధ్య కొలిచే కాసిమిర్ బలంలో ఎలక్ట్రాన్ శూన్యానికి వాటా ఎందుకు ఉండదో ఇంత స్పష్టంగా నాకు ఎప్పుడూ తట్టలేదు. పుస్తకంలో ఒక వాక్యంగా చదివి దాటేసిన విషయమే ఇది.

మరి అయస్కాంతం ఎలక్ట్రాన్ శూన్యాన్ని నిజంగా కదిలించాలంటే ఎంత ఉండాలి? అయస్కాంత పొడవు కాంప్టన్ పొడవుకు సమానం కావాలి. ఆ క్షేత్రం 441 కోట్ల టెస్లాలు. భూమి మీద నిలకడగా నడిచే అయస్కాంతాల గరిష్ఠం 45 టెస్లాల దగ్గర ఉంది. ఇంత తేడా చూసి నిరుత్సాహపడాలా అంటే, నాకు అలా అనిపించలేదు. మాగ్నెటార్లు అనే న్యూట్రాన్ నక్షత్రాల దగ్గర వెయ్యి కోట్ల నుంచి పదివేల కోట్ల టెస్లాల దాకా క్షేత్రాలు ఉంటాయి. అక్కడ ఎలక్ట్రాన్ శూన్యం ఈ మెట్ల మీదే నిలబడి ఉంది.

20వ రోజు

ఇక స్పిన్. ఎలక్ట్రాన్ స్పిన్ అర. దాని తరంగాన్ని నడిపేది భౌతిక శాస్త్రవేత్త డిరాక్ సమీకరణం, కాబట్టి పలకల దగ్గర తరంగాన్ని సున్నా చేయడం కుదరదు. ఆ సమీకరణంలో అవకలనం ఒక్కసారే వస్తుంది, తరంగపు అన్ని అంశాలనూ గోడ మీద సున్నా చేస్తే లోపల కూడా ఏమీ మిగలదు. దాని బదులు, గోడ గుండా ప్రవాహం బయటకు పోకూడదు అనే షరతు పెడతారు. ప్రోటాన్ లోపల ఉండే క్వార్కులనే కణాలు దాన్ని దాటి బయటకు రాకపోవడాన్ని వర్ణించడానికి 1974లో ఎంఐటీలో తయారైన బ్యాగ్ నమూనా షరతు ఇది. ఈ షరతుతో, ద్రవ్యరాశి లేనప్పుడు, పలకల మధ్య అర తరంగాలు ఒకటి, రెండు, మూడు అని కాకుండా అర, ఒకటిన్నర, రెండున్నర అని ఇముడుతాయి. ఫెర్మియాన్ల (ఎలక్ట్రాన్ లాంటి, స్పిన్ అర ఉన్న కణాల) శూన్యశక్తికి మామూలుగానే గుర్తు తిరగబడి ఉంటుంది. ఈ సగం జరుగుడు దాన్ని మళ్లీ తిప్పేస్తుంది. అందుకే చివరికి ఇక్కడా ఆకర్షణే. క్షేత్రం లేనప్పుడు −7 పై వర్గం/2880 రావాలి, అంటే పరిమాణం 0.02399. వచ్చింది. ఈసారి సౌష్ఠవ పరీక్ష కూడా అదే రోజు చేశాను, నెగ్గింది.

21వ రోజు

ఈ ప్రాజెక్టులో ఇంతవరకు నన్ను ఎక్కువగా కదిలించిన రోజు ఇదే.

స్పిన్ ఉన్న కణం తనే ఒక చిన్న అయస్కాంతం. క్షేత్రంలో అది రెండు రకాలుగా నిలబడగలదు. లాండౌ మెట్లు 1, 3, 5, 7 అనుకుంటే, స్పిన్ ఒక వైపు ఉంటే ప్రతి మెట్టుకూ 1 కలుస్తుంది, రెండో వైపు ఉంటే 1 పోతుంది. ఒక గుంపు 2, 4, 6, 8. రెండో గుంపు 0, 2, 4, 6.

ఆ రెండో గుంపును ఎక్కడ చూశాను? 5వ రోజు నా తప్పు కోడ్‌లో. అట్టడుగు మెట్టు శక్తిని మింగేసిన ఆ లూప్, నాకు తెలియకుండానే, స్పిన్ సరైన దిక్కుకు తిరిగిన కణపు మెట్లను లెక్కించింది. పలకల షరతు వేరు కాబట్టి ఆ సంఖ్యలు ఇక్కడ పనికిరావు. కానీ గీత పైకి లేవడానికి కారణం అక్కడా ఇక్కడా ఒకటే. స్పిన్ లేని కణం చేయలేనిది స్పిన్ ఉన్నది చేస్తుంది: తిరుగుడు శక్తిని తన అయస్కాంత శక్తితో సరిగ్గా రద్దు చేసుకుని సున్నా మెట్టు మీదకు దిగుతుంది. సున్నా మెట్టు మీద క్షేత్రం తగిలించే ద్రవ్యరాశి ఉండదు, తరంగం సన్నబడదు. స్థితులు మాత్రం క్షేత్రంతో పెరుగుతూనే ఉంటాయి. ఇంక పోటీ ఏముంది!

సంఖ్యలు: బలసంఖ్య 1 దగ్గర 1.36 రెట్లు. 4 దగ్గర 3.58 రెట్లు. 10 దగ్గర 8.69 రెట్లు. స్పిన్ లేని కణానికి ఇదే 10 దగ్గర 0.11 మిగిలిందని గుర్తు చేసుకుంటే, ఒకే క్షేత్రం, ఒకే దూరం, ఒకే ఆవేశం, తేడా అంతా స్పిన్‌ది.

సున్నా మెట్టు కాగితం మీది ఊహ కూడా కాదు. ఒక్క పరమాణువు మందం ఉన్న కార్బన్ పొర గ్రాఫీన్‌లో ఆవేశాలు ద్రవ్యరాశి లేని కణాల్లా నడుస్తాయి. 2005లో వాటి హాల్ వాహకతను (క్షేత్రంలో ప్రవాహం ఎంత అడ్డంగా మళ్లుతుందో చెప్పే కొలతను) కొలిచినప్పుడు సరిగ్గా ఈ సున్నా మెట్టు ముద్ర కనిపించింది. అక్కడ స్పిన్ పాత్రను వేరే అంతర్గత లక్షణం పోషిస్తుంది, కానీ లెక్కలో రద్దయ్యే తీరు ఇదే.

22వ రోజు

బలమైన క్షేత్రంలో గీత పూర్తిగా సరళరేఖ అయిపోతోంది. సున్నా మెట్టు ఒక్కదాన్నే ఉంచి మిగతావన్నీ తీసేసి చూశాను. బలసంఖ్య 10 దగ్గర తేడా దాదాపు వెయ్యిలో ఒక వంతు. మిగిలే సూత్రం ఎంత చిన్నదంటే, నోట్‌బుక్ అట్ట మీద రాసుకున్నాను: శక్తి పరిమాణం అంటే బలసంఖ్యను 48తో భాగించి, దూరం ఘనంతో మళ్లీ భాగించడం, అంతే.

బలసంఖ్యలోనే దూరం వర్గం దాగి ఉంది కాబట్టి, క్షేత్రాన్ని కదపకుండా ఉంచితే శక్తి దూరానికి విలోమంగా మాత్రమే మారుతుంది. ఒత్తిడి దూరం వర్గానికి విలోమం. మామూలు కాసిమిర్ ఒత్తిడి దూరం నాలుగో ఘాతానికి విలోమం అని 1వ రోజు రాశాను: దూరం పదో వంతైతే పదివేల రెట్లు. ఇక్కడ వంద రెట్లే. అంటే క్షేత్రం శక్తిని పెంచడంతో ఆగలేదు, బలం నడిచే నియమాన్నే మార్చేసింది. కణాలకు అడ్డంగా కదిలే స్వేచ్ఛ పోయింది. అవి క్షేత్ర రేఖల మీద కట్టిన పూసల్లా ముందుకూ వెనక్కూ మాత్రమే కదులుతున్నాయి. మూడు దిక్కుల ప్రపంచం పలకల మధ్య ఒంటి దిక్కు ప్రపంచం అయింది. ఒంటి దిక్కు ప్రపంచంలో కాసిమిర్ నియమం అదే.

24వ రోజు

ఒక సందేహం వారం రోజులుగా వెంటాడుతోంది. పలకలు లేని శూన్యం వాటాను మొదట్లోనే తీసేశాను. కానీ క్షేత్రం పలకలు లేని శూన్యాన్ని కూడా మారుస్తుంది కదా? 1936లో హైసెన్‌బర్గ్, ఆయన శిష్యుడు హాన్స్ ఆయిలర్ లెక్క కట్టింది దాన్నే. బలమైన క్షేత్రంలో శూన్యం కొంచెం గాజులా ప్రవర్తిస్తుందని, కాంతి కిరణాలు ఒకదాన్నొకటి తాకుతాయని ఆ లెక్క చెబుతుంది. మరి నేను దాన్ని పారేశానా?

సమాధానపడటానికి ఒక పూట పట్టింది. ఆ వాటా ఘనపరిమాణానికి అనులోమం. క్షేత్రం పలకల లోపల, బయట ఒకేలా ఉంటే, పలకను కొంచెం జరిపినప్పుడు లోపల ఎంత ఘనపరిమాణం పెరుగుతుందో బయట అంతే తగ్గుతుంది. మొత్తం మీద ఆ వాటా కదలదు, బలంలోకి రాదు. ఒకవేళ క్షేత్రం పలకల మధ్యే ఉంటే అలా కాదు, అప్పుడు అయస్కాంత శక్తి కూడా లెక్కలోకి వస్తుంది. నా ఏర్పాటులో క్షేత్రం అంతటా ఒకటే. ఈ షరతును డైరీ మొదట్లోనే రాసి ఉండాల్సింది.

27వ రోజు

శక్తి గీత వాలును చూస్తే మరో విషయం ఉచితంగా దొరికింది. క్షేత్రంతో శక్తి ఎలా మారుతుందో చెప్పే వాలే అయస్కాంతీకరణ. స్పిన్ లేని కణాల శక్తి −0.0137 నుంచి సున్నా వైపు పైకి పాకుతుంది. క్షేత్రాన్ని పెంచడానికి శక్తి ఖర్చు అవుతోంది, అంటే పలకల మధ్య ఆ శూన్యం క్షేత్రాన్ని వద్దంటోంది. బిస్మత్ లోహం లాగా అది డయామాగ్నెటిక్. స్పిన్ అర ఉన్న కణాల శూన్యం దీనికి వ్యతిరేకం, పారామాగ్నెటిక్. ఒక్క పరమాణువు కూడా లేని ఖాళీ చోటికి ఈ రెండు మాటలూ వాడగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంది. వలయాల్లో తిరగడం క్షేత్రాన్ని వ్యతిరేకిస్తుంది, స్పిన్ దాన్ని ఆహ్వానిస్తుంది. లోహాల్లో ఎలక్ట్రాన్ల గురించి చదివిన పాత పాఠమే శూన్యంలో మళ్లీ ఎదురైంది.

29వ రోజు

వరుసలో తర్వాతిది స్పిన్ 1. ఆవేశం ఉన్న అలాంటి కణం డబ్ల్యూ బోసాన్, బలహీన కేంద్రక బలాన్ని మోసే బరువైన కణం. కోడ్‌లో మార్చాల్సింది ఒక్క లైను: స్పిన్ ఇప్పుడు మెట్టు నుంచి 2 తీసేయగలదు. 1 లోంచి 2 పోతే −1. అట్టడుగు మెట్టు సున్నా కంటే కిందికి దిగింది.

ద్రవ్యరాశి సరిపడా ఉన్నంతవరకు ప్రోగ్రామ్ బాగానే నడిచింది. పలకల దూరం ఎక్కువగా ఉంచి క్షేత్రాన్ని పెంచుకుంటూ పోతే ఒకచోట జవాబు బదులు "సంఖ్య కాదు" అని రాసింది. ఈసారి బగ్ వెతకలేదు. రుణ సంఖ్యకు వర్గమూలం అడిగితే అది ఇంకేం రాస్తుంది. ఆ చోటు డబ్ల్యూ ద్రవ్యరాశికి సరిపోయే క్షేత్రం, సుమారు 1 పక్కన 20 సున్నాలు పెట్టినన్ని టెస్లాలు. అక్కడ శూన్యం నిలకడ కోల్పోతుంది, డబ్ల్యూ కణాల తరంగం తనంతట తానే పెరగడం మొదలుపెడుతుంది. పెరిగిన తరంగం క్షేత్రాన్నే మారుస్తుంది కాబట్టి నా లెక్క అక్కడి నుంచి చెల్లదు. గ్రాఫ్‌ను ఆ బిందువు దగ్గర ఆపేసి, పక్కన కారణం రాశాను.

31వ రోజు

ఇప్పటిదాకా క్షేత్రం పలకలకు లంబంగానే ఉంది. దాన్ని పడుకోబెట్టి పలకలకు సమాంతరంగా చేస్తే లెక్క విడిపోదు, ఎందుకంటే కణం తిరిగే వలయాలు ఇప్పుడు గోడలను గుద్దుకుంటాయి. గోడకు దూరంగా ఉన్న వలయానికి మామూలు లాండౌ మెట్టే. గోడకు ఆనుకున్న వలయం తెగిపోయి, కణం గోడ వెంట గెంతుకుంటూ పోతుంది, దాని శక్తి పైకి లేస్తుంది. ప్రతి మెట్టూ అంచుల దగ్గర పైకి వంగుతుంది.

సూత్రం లేదు కాబట్టి మెట్లను సంఖ్యలతోనే వెతకాలి. గోడల మధ్య దూరాన్ని 400 బిందువులుగా కోసి, మాట్రిక్స్ ఐగెన్ విలువలు (ఇక్కడ అవే మెట్ల శక్తులు) తీశాను. మధ్యలో ఉన్న వలయాలకు బలసంఖ్య 25 దగ్గర మొదటి మూడు మెట్లు 1, 3, 5కు దగ్గరగా వచ్చాయి. మూడోది మాత్రం కొంచెం ఎక్కువ చూపిస్తోంది. పెద్ద వలయం కదా, దాని తోక గోడను తాకుతోంది. రేపు బిందువులు రెట్టింపు చేసి, ఆ ఎక్కువ గోడదా, నా కోతదా అన్నది చూడాలి.